మేనకోడలి ఫైలు

మా రైల్వే ఆఫీసులో మా సెక్షన్ తలుపు మీద ఇప్పుడు మూడు భాషల్లో మానవ వనరుల విభాగం అని బోర్డు ఉంది. నేను గుమస్తాగా చేరినప్పుడు ఎస్టాబ్లిష్‌మెంట్ అనేవారు, మధ్యలో కొన్నాళ్లు పర్సనల్ అన్నారు. పేరేదైనా, ఆ తలుపు తోసుకుని వచ్చేవాళ్లలో సగం మంది ఎవరినో ఒకరిని కొట్టాలనే వచ్చేవారు. బదిలీ కాగితం అందుకున్న ఒక మహానుభావుడు తన నుదుటితో మా కిటికీ అద్దం పగలగొట్టి, కారే రక్తాన్ని నా టేబుల్ గుడ్డతో తుడుచుకుని వెళ్లాడు. సెలవు మంజూరు కాలేదని ఇంకొకడు హాజరు పట్టీ ఎత్తి మా హెడ్ క్లర్కు మూతి మీద కొడితే ఆయనకి ముందు పళ్లు రెండు కదిలాయి. నన్నొకసారి ఘెరావ్ చేశారు. పొద్దున్న పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా కుర్చీ చుట్టూ నిలబడి బాత్‌రూముకి కూడా కదలనివ్వలేదు. ఆరోజు నేను ఏడవలేదు సరికదా, తిట్టాను. తెలుగులోనే తిట్టాను. ఖరగ్‌పూర్‌లో తెలుగు తిట్టు అర్థం కానివాడు ఇంకా పుట్టలేదు.

నా కింద పదకొండు మంది పనిచేసేవారు. వాళ్లకి పెద్దదాన్ని కాబట్టి ముందు దెబ్బ నాకు తగలాలి, తర్వాతే వాళ్లకి అనేది నేను పెట్టుకున్న పద్ధతి. నాకు కోపం ఎక్కువ, నోరు అంతకంటే ఎక్కువ. ఎవడికీ భయపడనని పేరు తెచ్చుకున్నాను. కానీ నాకు ఒక భయం ఉండేది. ముప్పై ఏళ్లు దాన్ని ఆఫీసుకి మోసుకెళ్లి మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాను. దాని వల్ల ఒక ఆడపిల్లకి ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఆయన మా అమ్మకి సొంత తమ్ముడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా ఇళ్లలో అది వింత కాదు. అక్క కూతుర్ని చేసుకోవడం అంటే పిల్ల పరాయి చేతిలో పడకుండా ఉండటం, అంతే. పుట్టినప్పట్నుంచి ఆయన్ని మావయ్యా అనే పిలిచాను, పెళ్లయ్యాక కూడా అదే పిలుపు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, క్యాంటీన్‌లో బెంగాలీ దీదీల మధ్య కూర్చుని అన్నం తింటూ, మా వీధిలో ఒకమ్మాయి మేనమామని చేసుకుందని మాటవరసకి అన్నాను. ఒక దీదీ చేతిలో కలిపిన ముద్ద కంచంలో పడేసింది. ఛీ ఛీ, మామతోనా, తండ్రి లాంటివాడు కదా అంది. పక్కనున్నావిడ తింటున్న డబ్బాకి మూత పెట్టేసింది. వాళ్ల మొహాలు చూశాక నా నోరు పడిపోయింది. మీ ఆయన మీకు చుట్టమా అని ఎవరైనా అడిగితే దూరపు చుట్టమని చెప్పడం ఆరోజే మొదలుపెట్టాను. ఆఫీసు ఫోన్‌లో ఆయన్ని ఏమండీ అనేదాన్ని. అటువైపు ఆయన నవ్వేవాడు.

ఇక ఫైలు సంగతి. నిమ్‌పురా వైపు మా షెడ్డులో పనిచేసే ఒక తెలుగు ఫిట్టరు రెండు రైలు పెట్టెల మధ్య చిక్కుకుని పోయాడు. ఛాతీ మందం బెత్తెడు కూడా మిగల్లేదు. పెట్టెలు విడదీసేదాకా మనిషి నిలబడే ఉన్నాడు. మా వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు అది చూసి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈ ఇన్‌స్పెక్టరు నలభై ఏళ్ల బెంగాలీ మనిషి. నెమ్మదస్తుడు, ఎవరి దగ్గరా కప్పు టీ కూడా తాగడు. ఎవరైనా డ్యూటీలో చనిపోతే ఆ ఇంటికి వెళ్లి, ఎవరెవరు ఉన్నారో విచారించి, ఉద్యోగం ఎవరికివ్వాలో రిపోర్టు రాయడం ఆయన పని. భార్య ఉంటే భార్యకి. పెళ్లి కానివాడైతే అతని మీద ఆధారపడి బతికే తమ్ముడికో చెల్లెలికో. ఆ రిపోర్టు మీద నేను సంతకం పెడితే ఉద్యోగం వచ్చినట్టే.

రిపోర్టు వచ్చింది. చనిపోయినవాడు అవివాహితుడు, ఉద్యోగం తమ్ముడికి ఇవ్వవచ్చు అని ఉంది. భార్యనని చెప్పుకుంటున్న స్త్రీ నిజానికి మృతుడి అక్క కూతురు, కాబట్టి భార్యగా రాసిన కాగితం బోగస్ అని ఉంది. ఇన్‌స్పెక్టరు అబద్ధం రాయలేదు పాపం. కుటుంబ సభ్యుల పేర్లు రాసిచ్చే పాత డిక్లరేషన్‌లో, విధవరాలైన అక్కా ఆవిడ కూతురూ తన దగ్గర ఉంటున్నప్పుడు, ఆ ఫిట్టరు తన చేత్తోనే మేనకోడలు అని రాశాడు. తర్వాతి డిక్లరేషన్‌లో అదే పేరు ఎదురుగా భార్య అని రాశాడు. అక్క పోయింది. ఇంట్లో మిగిలిన తమ్ముడు, ఆ పిల్లకి చిన్న మావ, ఇన్‌స్పెక్టరుని కూర్చోబెట్టి నిజమే చెప్పాడు. ఇది మా అక్క కూతురు బాబూ, మా అన్న ఎత్తుకుని పెంచినాడు అని. అది విన్న బెంగాలీ మనిషికి ఇంకో ఆలోచన ఎలా వస్తుంది? ఆ తమ్ముడికి తెలుసు రాదని. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు, బెంగాలీల మనసు నాకు తెలిసినట్టే వాడికీ తెలుసు.

ఇన్‌స్పెక్టరు నా ఎదుట కూర్చుని, మామా మేనకోడళ్లకి పెళ్లేమిటి మేడమ్, ఆ మాట రాయడానికే నా చెయ్యి రాలేదు అన్నాడు. ఫైలు మొదటి పేజీ చదవగానే నాకు మొత్తం అర్థమైపోయింది. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుని, ఇద్దర్నీ పిలిచి విందాం అన్నాను.

మర్నాడు ఆ పిల్లే వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. కింది పెదవి చీలి ఉంది, ఎడమ మోచేయి వాచి నల్లబడింది. ఎవరు కొట్టారని అడిగితే సిన్న మావ అంది. ఉద్యోగం నాకొద్దని కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడట. నాకు సంతకం వచ్చు, వేలిముద్రెందుకు అని ఈ పిల్ల అడిగిందట. ఆ మాటకి మొదటి దెబ్బ. తర్వాత పెళ్లి ఫొటో ముక్కలు చేసి పొయ్యిలో వేశాడు. ఆపబోతే మోచేతి మీద తన్నాడు. వాడు టోటో, అదే బ్యాటరీ రిక్షా, తోలేవాడు, పనిలేని రోజు ఎవరో ఒకరిని చితక్కొట్టేవాడు. కాలనీలో పూజ పందిరి దగ్గర ఎవరి తల పగిలినా వీడి పేరే వినిపించేది. సాక్ష్యం చెప్పమని ఆ పిల్ల ట్రాఫిక్ కాలనీలో మన పెద్దమనుషుల ఇళ్లు నాలుగు తిరిగింది. పెళ్లి భోజనం తిన్నవాళ్లే తలుపులేసుకున్నారు.

"మీరు తెలుగోరు కదమ్మా. మనలో సేసుకుంటారని ఆ బాబుకి మీరొక్క ముక్క సెప్పండి సాలు" అంది.

ఏదైనా కాగితం పట్రా, కాగితం లేకుండా నేనేమీ చెప్పలేను అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. పైగా విసుక్కున్నాను కూడా. ఆ పిల్ల దండం పెట్టి వెళ్లింది. మెట్ల దగ్గర ఆమెకి కళ్లు తిరిగితే మా ప్యూను నీళ్లిచ్చాడని తర్వాత తెలిసింది.

విచారణకి ఆరు వారాలు గడువు పెట్టాను. రూల్ ప్రకారం రెండు చాలు. ఈలోగా ఎవరో ఒక పెద్దమనిషి మనసు మార్చుకుని వస్తాడు, నేను నోరు విప్పకుండానే గట్టెక్కుతుంది అనుకున్నాను. ఆ ఆరు వారాల్లో ఆ పిల్ల రెండుసార్లు ఆసుపత్రిలో చేరింది. ఒకసారి పక్కటెముక, ఒకసారి తల మీద ఏడు కుట్లు. పడిపోయానని రాయించుకుంది. ఇన్‌స్పెక్టరు వచ్చి చెప్పినప్పుడల్లా నేను వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. వీధిలో పెట్టి తోలు తీయాలి అనేదాన్ని. తిట్టడం తేలిక. ఇంటికి వెళ్లి మా మావయ్యకి చెబితే, ఆయన వార్తలు చూస్తున్న టీవీ ఆపేసి, ఆ పిల్ల సచ్చిపోతాదే, ఎల్లి సెప్పీ అన్నాడు. నీకేం తెలుసు ఆఫీసు సంగతి అని ఆయన మీదా లేచాను. ఆయన మళ్లీ టీవీ పెట్టలేదు.

విచారణ రోజు నా గదిలో నలుగురం. నేను, ఇన్‌స్పెక్టరు, ఆ పిల్ల, వాడు. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా నిలబడ్డాడు. చెప్పిందే మళ్లీ చెప్పాడు. అక్క కూతురు, మా చేతుల్లో పెరిగిన పిల్ల, అన్న పోయిన దుఃఖంలో దీనికి మతి చెడింది అన్నాడు. ఆ పిల్ల ఇన్‌స్పెక్టరుతో, మావోళ్లలో మేనమామని సేసుకుంటారు బాబూ, అబద్ధం కాదు అంది. ఇన్‌స్పెక్టరు ధర్మాత్ముడు. అంతవరకు అడగని ప్రశ్న అప్పుడు అడిగాడు. నా వైపు తిరిగి, మేడమ్, మీరూ తెలుగువారే కదా, మీలో ఇలా ఉందా అన్నాడు.

గదిలో ముగ్గురూ నన్నే చూస్తున్నారు. ఆ పిల్ల కళ్లు నా మొహం మీంచి కదల్లేదు. తలుపు తెరిచే ఉంది, అవతల నా పదకొండు మందీ పని మానేసి వింటున్నారు. నాకు ఆ కంచంలో పడ్డ అన్నం ముద్ద గుర్తొచ్చింది.

కొన్ని చోట్ల ఉందని విన్నాను, నాకు సరిగ్గా తెలియదు అన్నాను.

తర్వాత ఫైలు మీద, ఈ విషయం న్యాయ సలహాకి పంపవచ్చు అని రాశాను. అలా వెళ్లిన ఫైలు ఏడాదికి కానీ తిరిగిరాదు. ఈలోగా ఆ పిల్ల క్వార్టరు ఖాళీ చెయ్యాలి, పోవడానికి ఇంకో కొంప లేదు. అది నాకు తెలుసు. రాసి, సంతకం పెట్టి, ఇద్దర్నీ వెళ్లమన్నాను.

వాళ్లు వరండాలోకి వెళ్లి అర నిమిషం కూడా కాలేదు. పిండి బస్తా కింద పడేసినట్టు చప్పుడైంది. ఒక్క కేక కూడా వినబడలేదు. పరుగెత్తి వెళ్లేసరికి వాడు ఆ పిల్ల జుట్టు ఎడమ చేతికి చుట్టుకుని తలని గోడకేసి కొడుతున్నాడు. కుడి చేతికి టోటోకి వేసే గొలుసు చుట్టుకుని ఉన్నాడు, గొలుసు చివర తాళంకప్ప. ఆ కప్పతోనే చెవి మీద కొట్టాడు. నేను చూస్తుండగా రెండోసారి కొట్టాడు. చెవిలోంచి రక్తం మెడ మీదుగా కారి, తెల్లటి సున్నం గోడకి పూసుకుంది. సంతకం పెట్టవే, పెడతావా లేదా అంటున్నాడు. జేబులోంచి తీసిన కాగితం కింద పడి తడుస్తోంది. ఆ పిల్ల ఒక చెయ్యి గోడకి ఆనించి, లేదు అన్నట్టు తల ఊపడానికి చూస్తోంది. జుట్టు వాడి చేతిలో ఉండటం వల్ల తల కదలడం లేదు.

నాకు ఒళ్లు తెలియలేదు. తలుపు పక్కన గుమస్తా టేబుల్ మీద కాగితాలకి రంధ్రాలు కొట్టే పెద్ద ఇనప మిషను ఉంటుంది. రెండు చేతులతో ఎత్తి వాడి భుజం మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు నా చేతులకి తెలిసింది. జుట్టు వదిలాడు. ఇంకోసారి ఎత్తాను, అది వీపు మీద పడింది. మూడోసారి ఎత్తితే ఇన్‌స్పెక్టరు నా చేతులు పట్టుకున్నాడు. లేకపోతే తల మీదే వేసేదాన్ని, ఇందులో అబద్ధం లేదు. వాడు నేల మీద పడి నన్ను బండబూతులు తిడుతున్నాడు. వాడి తిట్లకి నా తిట్లు ఏమీ తీసిపోలేదు. మా పదకొండు మందీ, పక్క సెక్షన్ వాళ్లూ గుడ్లప్పగించి చూస్తున్నారు. అప్పుడు అరిచాను.

"నా మొగుడు మాయమ్మకి సొంత తమ్ముడు. నాది పెళ్లి కాదేటి? నేను కూడా బోగసేనేటి?"

అది అర్థం కాని వాళ్లుంటారని మళ్లీ వాళ్ల భాషలోనే చెప్పాను. "ఆమార్ బొర్ ఆమార్ నిజేర్ మామా" అని. ఇన్‌స్పెక్టరు చేతులు నా మణికట్ల మీదే ఉన్నాయి. నెమ్మదిగా వదిలాడు. ఆ పిల్ల దగ్గర కూర్చుని తన రుమాలు ఆమె చెవికి అదిమి పెట్టాడు. ఆమె గోడకి జారగిలబడి, నోరు తెరిచి, మా అందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూస్తోంది.

పోలీసులు వచ్చారు, వాణ్ని తీసుకుపోయారు. నా మీద కూడా కాగితం పుట్టింది. మా ఆఫీసులో ఎవరికి ఛార్జి మెమో ఇవ్వాలన్నా తయారుచేసేది మా సెక్షనే. కాబట్టి నా మెమో నా హెడ్ క్లర్కే రాసి, ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో చూడమని నా దగ్గరికే తెచ్చాడు. రెండు తప్పులు దిద్ది ఇచ్చాను. కొట్టాను, మళ్లీ అలా జరిగితే మళ్లీ కొడతాను అని జవాబు రాస్తే ఆయన బతిమాలి రెండో ముక్క కొట్టేయించాడు. మందలింపుతో వదిలేశారు.

ఇన్‌స్పెక్టరు తన రిపోర్టు తనే కొట్టేసి కొత్తది రాశాడు. మా తెలుగువాళ్లలో ఈ ఆచారం ఉందని నా చేత్తో వాంగ్మూలం రాయించుకుని ఫైల్లో పెట్టాడు. నా పెళ్లి ఇప్పుడు ఆ ఫైల్లో ఒక పేజీ. నేను రాస్తుంటే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆరు వారాల కిందట ఈ కాగితం ఎందుకు ఇవ్వలేదని అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. క్యాంటీన్‌లో దీదీల సంగతంటారా, వారం రోజులు గుసగుసలు పోయాయి. తర్వాత ఒకావిడ నా పెళ్లి ఫొటో చూపించమంది. చూపిస్తే, మీ మామ కుర్రతనంలో బాగానే ఉన్నాడే అని నవ్వి, తన డబ్బాలో చేప ముక్క నా కంచంలో వేసింది. ముప్పై ఏళ్లు నేను భయపడింది వీళ్లకా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది. నా సెక్షన్‌లోనే, ఉత్తరాలు తెచ్చి ఇచ్చే పని. క్వార్టరు నిలిచింది. ఎడమ చెవి మాత్రం పోయింది. లోపల పొర చిరిగి ఎముక చెదిరిందని, ఇక వినపడదని డాక్టరు రాసిచ్చాడు. ఎవరైనా పిలిస్తే మొత్తం మనిషి తిరిగి చూడటం అలవాటు చేసుకుంది. పని శ్రద్ధగా చేసేది. రోజూ పొద్దున్న నా టేబుల్ తుడిచి, ఆరోజు టపా నా ముందు పెట్టి, అమ్మా అని ఒక్కసారి పిలిచి వెళ్లేది. నన్ను దేవత అంటుందని వాళ్లూ వీళ్లూ చెబుతుంటే సంతోషంగానే ఉండేది. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకోవడం మొదలుపెట్టాను.

ఆ వరండాలో నేను అరిచింది ఆ పిల్ల వినలేదు. వినే స్థితిలో లేదు. అది నాకు తట్టనే లేదు. ఏడాది గడిచాక ఎవరో మాటల్లో చెప్పారట, మేడమ్‌ది కూడా అదే పెళ్లి అని. మర్నాడు టపా తెచ్చి పెట్టింది. అమ్మా అనలేదు, వెళ్లనూ లేదు. టేబుల్ చుట్టూ తిరిగి నా కుర్చీ పక్కకి వచ్చింది, కుడి చెవి నా వైపు ఉండేలా.

"మీది కూడా మేనమామతోనే అటకదమ్మా?"

అవునన్నాను.

"మరైతే నా పెళ్లి నిజమని మీకెప్పుడు తెలిసినాది?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అంత దగ్గరగా నిలబడి, వినడానికి తల వంచుకుని ఉన్న మనిషికి చెప్పలేకపోయాను. ఫైలు వచ్చిన మొదటి రోజే తెలుసమ్మా అన్నాను.

కోపం ఏమీ లేదు మొహంలో. లెక్క కట్టుకుంటున్నదానిలా ఉంది.

"ఆ రోజుకి నాకు రెండు సెవులూ ఇనపడీవి" అంది.

తర్వాత పక్క గదికి ఇవ్వాల్సిన ఉత్తరాలు చంకలో పెట్టుకుని వెళ్లింది. నేను వెనక నుంచి పేరు పెట్టి రెండుసార్లు పిలిచాను. తిరిగి చూడలేదు. వినబడలేదో, వినబడి కూడా తిరగలేదో నాకు తెలియదు.